అమ్మీటరు సరిగ్గా చూపడం లేదా? లక్షణాన్ని బట్టి లోపం పట్టుకోండి

వోల్టేజీ కొలవడానికి వలయాన్ని కదిలించనక్కరలేదు. నడుస్తున్న పరికరం రెండు చివరలకు ప్రోబులు, అంటే మీటరు తీగల మొనలు, ఆనిస్తే అంకె వచ్చేస్తుంది. కరెంటు అలా దొరకదు. ముందు స్విచ్చి ఆపాలి, ఒకచోట తీగ విప్పాలి, విడిపోయిన రెండు కొసల మధ్య మీటరును కలపాలి, ఆ తర్వాత స్విచ్చి వేయాలి. ఇంటికి వచ్చే నీళ్ల పైపును కోసి మధ్యలో నీళ్ల మీటరు బిగిస్తారే, అచ్చం అలాగే. నీరంతా మీటరు గుండా పోతేనే లెక్క. దీన్నే పాఠ్యపుస్తకాల్లో శ్రేణి సంధానం అంటాం. నా చేతికి బాగుచేయమని వచ్చిన మల్టీమీటర్లలో ఎక్కువభాగం ఈ ఒక్క తేడా క్షణకాలం మరిచిపోవడం వల్ల పాడైనవే. అందుకే ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

ఇందులో చెప్పేదంతా బ్యాటరీలు, అడాప్టర్లు, ప్రయోగశాల పవర్ సప్లైల వంటి తక్కువ వోల్టేజీ డీసీ వలయాల గురించి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏసీ మీద ఈ ప్రయోగాలు చేయవద్దు.

అమ్మీటరు లోపల ఏముందో తెలిస్తే సగం సందేహాలు అక్కడే తీరతాయి. ఇంటర్మీడియట్‌లో గాల్వనోమీటరును అమ్మీటరుగా మార్చే లెక్క చేసినవారికి గుర్తుండే ఉంటుంది. 50 ఓమ్‌ల నిరోధం ఉండి, 1 మిల్లీఆంపియరుకే ముల్లు చివరి దాకా వెళ్లే గాల్వనోమీటరుతో 1 ఆంపియరు కొలవాలంటే, దానికి సమాంతరంగా సుమారు 0.05 ఓమ్‌ల షంట్, అంటే చాలా చిన్న నిరోధం, పెడతాం. వెయ్యి పాళ్లలో 999 పాళ్ల కరెంటు షంట్ గుండా పోతుంది. మిగిలిన ఒక్క పాలు ముల్లును కదుపుతుంది. డిజిటల్ మల్టీమీటరులోనూ షంటే ఉంటుంది. దాని మీద పడే చిన్న వోల్టేజీని కొలిచి ఆంపియర్లుగా చూపిస్తుంది. అంటే వలయం వైపు నుంచి చూస్తే అమ్మీటరు దాదాపు ఒక తీగ ముక్క. కింద చెప్పే లోపాల్లో చాలావాటికి మూలం ఇదే.

ప్రోబు ఆనించగానే మెరుపు వచ్చింది, ఫ్యూజు పోయింది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అమ్మీటరును బ్యాటరీ రెండు ధ్రువాలకు నేరుగా, అంటే సమాంతరంగా కలిపారు. తీగ ముక్కను బ్యాటరీకి అడ్డంగా వేయడానికీ దీనికీ తేడా లేదు. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ చూడటానికి చిన్నదే. కానీ దాని అంతర్గత నిరోధం ఓమ్‌లో వందో వంతుల్లో ఉంటుంది. మల్టీమీటరులోని 10 ఆంపియర్ల షంట్ నిరోధం కూడా 0.01 ఓమ్ దరిదాపుల్లోనే. లీడ్ల (మీటరు తీగల) నిరోధం కలుపుకున్నా వంద ఆంపియర్లు దాటే అవకాశం ఉంది.

"నేను కరెంటు కొలవలేదు, వోల్టులే చూశాను, అయినా పేలింది" అని కొందరు చెబుతారు. వారు చెప్పేది నిజమే. నాకూ ఒకసారి అలాగే జరిగింది. బ్యాటరీ చార్జింగ్ కరెంటు చూడటానికి ఎర్ర లీడును 10ఏ (10 ఆంపియర్ల) సాకెట్‌లో పెట్టాను. కొలత అయ్యాక నాబ్‌ను వోల్టుల మీదికి తిప్పి, ప్రోబులు బ్యాటరీ టెర్మినళ్లకు ఆనించాను. పెద్ద మెరుపు వచ్చి ప్రోబు మొన కరిగిపోయింది, సీసం టెర్మినల్ మీద గుంట పడింది. నాబ్ ఎక్కడున్నా 10ఏ సాకెట్ లోపల షంట్ ద్వారా కామ్ (COM, నల్ల లీడు పెట్టే) సాకెట్‌కు ఎప్పుడూ కలిసే ఉంటుందని ఆ రోజు కళ్లారా తెలిసింది. నాబ్ తిప్పితే తెర మీద చూపేది మారుతుంది, సాకెట్ వెనకున్న దారి మారదు. చేతులకు, కళ్లకు ఏమీ కాకపోవడం నా అదృష్టం.

డీటీ-830 తరహా పసుపు మీటర్లలో 10ఏ సాకెట్ పక్కన ఫ్యూజు లేదని ఇంగ్లిషులో రాసే ఉంటుంది. దాని మీద అందరి దృష్టీ పడాలని నా కోరిక. ఆ దారిలో రక్షణ ఏమీ లేదు. మిల్లీఆంపియర్ల దారిలో మాత్రం 200 మిల్లీఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఖరీదైన మీటర్లలో రెండు దారులకూ ఫ్యూజులు ఉంటాయి. అవి ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజులు, చాలావాటి మీద 1000 వోల్టులు అని ఉంటుంది.

ఫ్యూజు పోతే మీటరు వెనక మూత మీద ఏ విలువ రాసి ఉందో అదే విలువ, అదే వోల్టేజీ ఉన్న ఫ్యూజే వేయండి. సిగరెట్ కాగితం వెండి రేకు చుట్టడం, రాగి పోగు కట్టడం చాలాచోట్ల చూశాను. మళ్లీ పొరపాటు జరిగితే కరిగేది ఫ్యూజు కాదు, మీటరు లోపలి రాగి దారులు. ఒక్కోసారి మీటరు పట్టుకున్న చెయ్యి కాలుతుంది.

కరెంటు కొలవడం పూర్తయిన క్షణంలోనే, స్విచ్చి ఆపి, మీటరు కింద పెట్టకముందే, ఎర్ర లీడును వోల్టుల సాకెట్‌లోకి మార్చండి. నేను ప్రయోగశాలలో పిల్లలకు మొదట నేర్పేది ఇదే. రీడింగు రాసుకోవడం ఆ తర్వాత.

బల్బు వెలగడం లేదు, మీటరులో సున్నా

మీటరు తీసేసి, విప్పిన రెండు కొసలను నేరుగా కలిపి చూడండి. బల్బు అప్పుడూ వెలగకపోతే లోపం వలయంలో ఉంది, మీటరును నిందించనక్కరలేదు. వెలిగితే దారి మీటరు దగ్గరే తెగింది.

మొదటి అనుమానం ఫ్యూజు మీద. ఇది పోయినా చాలా మీటర్లలో వోల్టులు, ఓమ్‌లు మామూలుగానే పనిచేస్తాయి. అందుకే "మీటరు బాగానే ఉంది కదా" అని నెలల తరబడి ఎవరూ గమనించరు. మూత తీసి, ఫ్యూజును బయటికి లాగి, అదే మీటరుతో ఓమ్‌ల మీద కొలవండి. గాజు గొట్టంలో తీగ కనబడుతోందని వదిలేయకండి, కొసన తెగి ఉంటే కంటికి కనిపించదు. రెండో మీటరు అందుబాటులో ఉంటే మూత తీయనక్కరలేదు. అనుమానం ఉన్న మీటరును 200 మిల్లీఆంపియర్ల మీద పెట్టి, దాని రెండు లీడ్ల మధ్య నిరోధాన్ని రెండో మీటరుతో కొలవండి. కొద్ది ఓమ్‌లు వస్తే ఫ్యూజు ఉంది. అసలు దారే లేదని చూపితే పోయింది.

రెండో అనుమానం లీడ్లది. ప్రోబు పిడి దగ్గర తీగ లోపల తెగిపోవడం సర్వసాధారణం. రెండు మొనలనూ తాకించి, ఓమ్‌ల మీద పెట్టి, తీగను మెలితిప్పుతూ చూస్తే బయటపడుతుంది.

బల్బు వెలగలేదు, కానీ మీటరు 12 చూపుతోంది

నాబ్ వోల్టుల మీద ఉండిపోయింది. వోల్టుమీటరు నిరోధం చాలా ఎక్కువ. చౌక మీటర్లలో 10 లక్షల ఓమ్‌లు, మంచివాటిలో కోటి ఓమ్‌లు. అంత నిరోధం శ్రేణిలో ఉంటే బల్బుకు మిగిలేది ఏమీ ఉండదు, బ్యాటరీ వోల్టేజీ అంతా మీటరు మీదే పడుతుంది. ఆ 12 వోల్టులను 12 ఆంపియర్లుగా రాసుకున్న రికార్డు పుస్తకాలను నేను దిద్దాను.

ఓమ్ నియమం ప్రయోగంలో అమ్మీటరు, వోల్టుమీటరు రెండూ ఒకేసారి ఉంటాయి కాబట్టి ఇదే లోపం ఇంకో వేషంలో వస్తుంది. రెండూ తారుమారైతే బల్బు వెలగదు, వోల్టుమీటరు దాదాపు బ్యాటరీ వోల్టేజీ అంతా చూపుతుంది, అమ్మీటరు ముల్లు కదలదు. అదృష్టవశాత్తు శ్రేణిలో చేరిన వోల్టుమీటరు కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి ఏదీ కాలదు. ముందు వోల్టుమీటరును పూర్తిగా పక్కన పెట్టి బ్యాటరీ, స్విచ్చి, అమ్మీటరు, నిరోధంతో ఒకే వరుస వలయం పూర్తి చేయండి. అది పనిచేస్తోందని చూశాక వోల్టుమీటరును నిరోధం రెండు కొసలకు తగిలించండి. ఈ క్రమం పాటిస్తే తారుమారు కావడం జరగనే జరగదు.

అమ్మీటరును బల్బుకు ముందు పెట్టాలా తర్వాతా అని అడిగేవారు ప్రతి సంవత్సరం ఉంటారు. చీలికలు లేని వలయంలో ఎక్కడ పెట్టినా ఒకటే. బల్బు కరెంటును తినేయదు. ఎంత లోపలికి వెళ్తుందో అంతే బయటికి వస్తుంది. నమ్మకం కుదరకపోతే రెండు మీటర్లు ముందొకటి, వెనకొకటి పెట్టి చూపించండి. మాటలకంటే అది త్వరగా అర్థమవుతుంది.

బల్బు వెలుగుతోంది, మీటరులో మాత్రం సున్నా

కరెంటు వేరే దారిలో పోతోంది. పాత తీగ విప్పకుండానే దాని రెండు చివరలకు మీటరు కలిపితే ఇలా అవుతుంది.

బ్రెడ్‌బోర్డు మీద ఈ పొరపాటు కంటికి కనబడదు. అడ్డువరుసలోని ఐదు రంధ్రాలు లోపల ఒకే లోహపు పట్టీతో కలిసి ఉంటాయి. రెండు ప్రోబులూ అదే వరుసలో గుచ్చితే, ఆ పట్టీయే మీటరుకు అడ్డదారి. రెసిస్టర్ కాలును తీసి వేరే వరుసలోకి మార్చి, పాత వరుసకూ కొత్త వరుసకూ మధ్య మీటరు పెట్టాలి.

మోటారు సైకిల్, కారుల్లో ఇదే లోపం ఇంకోలా ఎదురవుతుంది. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోందని లీకేజీ కరెంటు చూడబోతారు. బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి, కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య మీటరు పెట్టడం సరైన పద్ధతి. అయితే అదే టెర్మినల్‌కు మరో సన్న తీగ బిగించి ఉంటే, లేదా ఊడదీసిన కేబుల్ పక్కనే ఉండి టెర్మినల్‌ను తాకుతుంటే మీటరుకు రావలసిన కరెంటు దారి తప్పుతుంది. అన్నీ విప్పండి. 10 ఆంపియర్ల రేంజితో మొదలుపెట్టండి. తలుపులు మూసి, కంప్యూటరు విభాగాలు నిద్రలోకి వెళ్లేదాకా కొంతసేపు ఆగండి. కార్లలో ఆ తర్వాత 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సాధారణంగా సమస్య లేనట్టే. మీటరు తగిలించి ఉండగా స్టార్టర్ మాత్రం నొక్కవద్దు. కార్లలో అది వంద ఆంపియర్ల పైనే లాగుతుంది.

ఇంకో రెండు కారణాలున్నాయి. లీడు 10ఏ సాకెట్‌లో ఉండి, నాబ్ 200 మిల్లీఆంపియర్ల మీద ఉంటే బల్బు వెలుగుతుంది గానీ తెర మీద సున్నా లేదా అర్థంలేని చిన్న అంకె వస్తుంది. సాకెట్, నాబ్ రెండూ ఒకే మాట చెప్పాలి. ఇక ఒకే నాబ్ స్థానంలో ఏసీ, డీసీ రెండూ ఉండే మీటర్లలో బటన్ నొక్కి మార్చాల్సి ఉంటుంది. ఏసీలో ఉండిపోతే నిలకడైన డీసీకి సున్నా చూపుతుంది. తెర మీద అలల గీత కనబడితే ఏసీ. నేరు గీత, దాని కింద చిన్న గీతలు ఉంటే డీసీ.

మైనస్ గుర్తు వస్తోంది, లేదా ముల్లు ఎడమకు కొట్టుకుంటోంది

కరెంటు మీటరులోకి తప్పు వైపు నుంచి వస్తోంది. బ్యాటరీ ప్లస్ వైపు నుంచి వచ్చే కొస మీటరు ప్లస్‌కు, అంటే ఎర్ర లీడుకు కలవాలి. డిజిటల్ మీటరుకు దీనివల్ల హాని లేదు, గుర్తు తీసేసి చదువుకోవచ్చు. ముల్లు మీటరును మాత్రం వెంటనే ఆపండి. సన్నని ముల్లు అడ్డుపుల్లకు బలంగా కొట్టుకుంటే వంగుతుంది, ఆ తర్వాత ఆ మీటరు ఎప్పటికీ సున్నా దగ్గర నిలవదు.

అంకె వచ్చింది కానీ లెక్కకు తక్కువగా ఉంది

అన్నిటికన్నా నాకు ఇష్టమైన సమస్య ఇది. ఇక్కడ మీటరు అబద్ధం చెప్పడం లేదు, నిజంగా అంతే కరెంటు పోతోంది. మీటరు పెట్టడం వల్లే తగ్గింది.

సాధారణ మూడున్నర అంకెల (1999 దాకా చూపే) మీటరులో ప్రతి మిల్లీఆంపియరు రేంజిలోనూ రేంజి నిండా కరెంటు పోయినప్పుడు షంట్ మీద 200 మిల్లీవోల్టులు పడేలా ఏర్పాటు ఉంటుంది. దాన్ని బట్టి షంట్ విలువలు లెక్కవేయవచ్చు. 200 మిల్లీఆంపియర్ల రేంజిలో 1 ఓమ్. 20 మిల్లీఆంపియర్లలో 10 ఓమ్‌లు. 2 మిల్లీఆంపియర్లలో 100. 200 మైక్రోఆంపియర్లలో ఏకంగా 1000 ఓమ్‌లు. ఫ్యూజు, లీడ్ల నిరోధం దీనికి అదనం.

ఒక 1.5 వోల్టుల సెల్లుకు 100 ఓమ్‌ల రెసిస్టర్ కలిపామనుకుందాం. లెక్క ప్రకారం 15 మిల్లీఆంపియర్లు పోవాలి. 20 రేంజిలో కొలిస్తే వలయంలో 110 ఓమ్‌లు అవుతాయి, మీటరు 13.6 చూపుతుంది. 200 రేంజికి మార్చితే 101 ఓమ్‌లు, సుమారు 14.9. చిన్న రేంజిలో దశాంశాలు ఎక్కువ కాబట్టి అదే ఖచ్చితం అనుకుంటాం. ఈ వలయంలో మాత్రం పెద్ద రేంజే నిజానికి దగ్గరగా ఉంది. అదే 12 వోల్టుల వలయమైతే ఈ 200 మిల్లీవోల్టులు లెక్కలోకి రావు. తక్కువ వోల్టేజీ వలయాల్లోనే జాగ్రత్త అవసరం.

అందుకే నేను చాలాసార్లు అమ్మీటరు జోలికే వెళ్లను. వలయంలో ఇదివరకే విలువ తెలిసిన రెసిస్టర్ ఉంటే దాని మీద వోల్టేజీ కొలిచి, నిరోధంతో భాగిస్తాను. ఎల్ఈడీతో 220 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది, దాని మీద 3 వోల్టులు ఉన్నాయంటే కరెంటు 13.6 మిల్లీఆంపియర్లు. తీగ విప్పింది లేదు, ఫ్యూజు భయం లేదు. రెసిస్టర్ లేకపోతే 1 శాతం ఖచ్చితత్వం ఉన్న 1 ఓమ్ రెసిస్టర్‌ను శ్రేణిలో ఉంచండి. దాని మీద పడే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీఆంపియరు.

ముల్లు మీటర్లలో తప్పు వేరే చోట ఉంటుంది. డయల్ మూలన 1.5 అనే అంకె ఉంటే, దోషం పూర్తి స్కేలులో 1.5 శాతం దాకా ఉండవచ్చని అర్థం. 3 ఆంపియర్ల మీటరుకు అది 45 మిల్లీఆంపియర్లు. ఆ మీటరుతో 0.3 ఆంపియర్లు కొలిస్తే దోషం 15 శాతం. కాబట్టి ముల్లు స్కేలులో రెండో సగంలో నిలిచేలా మీటరును ఎంచుకోవాలి. కరెంటు లేనప్పుడు ముల్లు సున్నా మీద లేకపోతే ముందు భాగంలోని చిన్న స్క్రూతో సరిచేయండి. స్కేలు కింద అద్దం ఉంటే, ముల్లూ దాని ప్రతిబింబమూ ఒకటిగా కనిపించే చోటు నుంచి చదవండి.

తక్కువకు బదులు అన్ని కొలతలూ ఎక్కువగా వస్తున్నాయా? మీటరులోని 9 వోల్టుల బ్యాటరీ చూడండి. అది నీరసించినప్పుడు చౌక మీటర్లు అసలు కంటే ఎక్కువ చూపడం మామూలు.

మీటరు పెడితే పరికరం ఆగిపోతోంది లేదా మళ్లీ మళ్లీ రీసెట్ అవుతోంది

వైఫై మాడ్యూళ్లతో పనిచేసే విద్యార్థులు దీనితో చాలా సమయం వృథా చేసుకుంటారు. ఈఎస్‌పీ8266 వంటి చిప్పు సగటున 70, 80 మిల్లీఆంపియర్లు తీసుకున్నా, వైఫై సంకేతం పంపే క్షణాల్లో 300 దాకా లాగుతుంది. ఆ క్షణంలో షంట్, ఫ్యూజు, సన్నని లీడ్ల మీద వోల్టేజీ పడిపోయి, 3.3 వోల్టులు అందాల్సిన చోట అంత అందదు. చిప్పు రీసెట్ అవుతుంది. ప్రోగ్రాంలో తప్పు వెతకవద్దు. 10 ఆంపియర్ల రేంజికి మారండి, లీడ్లు పొట్టివి వాడండి, మీటరు తర్వాత, చిప్పుకు దగ్గరగా 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి పెట్టండి.

నిద్రావస్థలో తీసుకునే మైక్రోఆంపియర్లు కొలవాలంటే ఇంకో చిక్కు ఉంది. 200 మైక్రోఆంపియర్ల రేంజిలో షంట్ 1000 ఓమ్‌లు. ఆన్ చేసేటప్పుడు 70 మిల్లీఆంపియర్లు ఆ దారిలో పోవాలంటే 70 వోల్టులు కావాలి. కాబట్టి పరికరం లేవనే లేవదు. మీటరు రెండు లీడ్ల మధ్య ఒక జంపర్ తీగ వేసి పరికరాన్ని ఆన్ చేయండి. అది నిద్రలోకి వెళ్లాక జంపర్ తీసి రీడింగు చదవండి. అది మేల్కొనే ముందే జంపర్ తిరిగి పెట్టండి.

తెర మీద ఎడమవైపు 1 మాత్రమే, లేదా ఓఎల్

కరెంటు రేంజిని దాటింది. స్విచ్చి ఆపి పెద్ద రేంజికి వెళ్లండి. ఎంత వస్తుందో తెలియనప్పుడు ఎప్పుడూ పెద్ద రేంజితోనే మొదలుపెట్టాలి. నాబ్‌ను, లీడును మార్చేముందు ప్రతిసారీ కరెంటు ఆపాలి. మోటార్లు, రిలేల వంటి చుట్టలున్న వలయాన్ని నడుస్తుండగా తెంచితే వోల్టేజీ ఒక్కసారి ఎగిసి నాబ్ లోపలి పట్టీలను కాల్చేస్తుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుందని కూడా గుర్తుంచుకోండి. నడిచేటప్పుడు 150 మిల్లీఆంపియర్లే కదా అని 200 రేంజిలో పెడితే ఫ్యూజు పోతుంది.

10 ఆంపియర్ల రేంజి అంటే గంటల తరబడి 10 ఆంపియర్లు అని కాదు. చౌక మీటర్ల మీద 10 సెకన్లు కొలిచి, 15 నిమిషాలు ఆపాలని రాసి ఉంటుంది. లీడ్లు వెచ్చబడితే ఆపండి.

అంకె నిలవడం లేదు

ముందు క్లిప్పులు కదిపి చూడండి. తుప్పు పట్టిన మొసలి క్లిప్పులు, వదులైన బ్రెడ్‌బోర్డు రంధ్రాలు, ఎనామిల్ సరిగ్గా గీకని రాగి తీగ కొసలు సగం కారణాలు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే కుదురుతుంది. అవన్నీ బాగుండి కూడా అంకె గెంతుతుంటే, ఆ కరెంటే నిలకడగా లేదేమో చూడాలి. వేగం తగ్గించే కంట్రోలరుతో నడిచే మోటారు, డిమ్మర్ మీదున్న ఎల్ఈడీ పట్టీ సెకనుకు వందలసార్లు ఆగి వెలుగుతాయి. మీటరు చూపేది ఆ హెచ్చుతగ్గుల సగటు మాత్రమే.

ప్యానెల్ మీటరు, బయటి షంట్ పెట్టాక రీడింగు తప్పుగా వస్తోంది

సోలార్ బ్యాటరీల దగ్గర 50, 100 ఆంపియర్ల కరెంటును మీటరు దాకా లాగలేం. అందుకే ఇత్తడి దిమ్మెల మధ్య పట్టీలున్న షంట్‌ను బ్యాటరీ లైనులోనే పెట్టి, దాని మీది మిల్లీవోల్టులను సన్న తీగలతో మీటరుకు తెస్తారు. షంట్ మీద 100 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని ఉంటే దాని నిరోధం 0.75 మిల్లీఓమ్. మీటరును 50 ఆంపియర్ల షంట్ కోసం తయారు చేసి, మీరు 100 ఆంపియర్లది కొంటే రీడింగు సరిగ్గా సగం వస్తుంది. మీటరు, షంట్ రెండింటి మీదా ఒకే జంట అంకెలు ఉన్నాయో లేదో చూడండి.

రీడింగు కొద్దిగా ఎక్కువ వస్తూ, బోల్టు బిగించినప్పుడల్లా మారుతుంటే సన్న తీగలు తప్పు చోట ఉన్నాయి. పెద్ద బోల్టులు బ్యాటరీ కేబుళ్లకు, చిన్న స్క్రూలు మీటరు తీగలకు. సన్న తీగలను పెద్ద బోల్టుల కిందే బిగిస్తే అక్కడి అతుకు నిరోధం కూడా కొలతలో చేరిపోతుంది. మిల్లీఓమ్‌లో ముప్పావు వంతు కొలుస్తున్నచోట అది చిన్న విషయం కాదు.

వోల్టులు, ఆంపియర్లు రెండూ చూపే చిన్న డిజిటల్ మీటర్లకు రెండు లావు తీగలు, మూడు సన్న తీగలు ఉంటాయి. వీటిలో చాలావాటిలో లోపలి షంట్ మైనస్ వైపుకే ఉద్దేశించింది. సన్న నల్ల తీగ, లావు నల్ల తీగ లోపల కలిసే ఉంటాయి. లావు తీగలను ప్లస్ లైనులో పెడితే ఆ లోపలి కలయిక గుండా ప్లస్, మైనస్ తాకి సన్న తీగ మాడిపోతుంది. లావు తీగలు మైనస్ లైనులోనే పెట్టి, ముందు వాటిని గట్టిగా బిగించాకే సన్న తీగలు కలపండి. లావు నల్ల తీగ ఊడిపోయి సన్నది మిగిలితే లోడు కరెంటంతా ఆ వెంట్రుకంత తీగ మీద పడుతుంది. ఒక్కో తయారీలో రంగులు ఒక్కోలా ఉంటాయి కాబట్టి పెట్టెలోని బొమ్మ చూడకుండా కలపవద్దు.

క్లాంప్ మీటరు బ్యాటరీ కేబుల్‌కు తగిలిస్తే సున్నా

ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మామూలు క్లాంప్ మీటరు ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం మీద పనిచేస్తుంది. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఉంటేనే దానికి తెలుస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ కేబుల్‌లో 60 ఆంపియర్ల డీసీ పోతున్నా అది చూడలేదు. నిలకడైన అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టే హాల్ సెన్సర్ ఉన్న డీసీ క్లాంప్ కావాలి. కొనేటప్పుడు నాబ్ మీద ఆంపియర్లను సూచించే ఇంగ్లిషు A అక్షరం పక్కన నేరు గీత గుర్తు ఉందో లేదో చూసుకోండి. డీసీ వోల్టులు ఉన్నంతమాత్రాన డీసీ ఆంపియర్లు ఉన్నట్టు కాదు. డీసీ క్లాంప్ అయినా సున్నా చూపితే ప్లస్, మైనస్ కేబుళ్లు రెండూ దవడలో పడ్డాయేమో చూడండి, ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చెరిపేస్తుంది. కేబుల్ లేకుండానే ఏదో అంకె చూపితే జీరో బటన్ నొక్కి కొలవాలి.

"సోలార్ ప్యానెల్‌కు అమ్మీటరు నేరుగా పెట్టారు, అది తప్పు కాదా?"

అమ్మీటరును నేరుగా కలపవద్దని మొదట చెప్పిన నియమానికి ఇది నిజమైన మినహాయింపు. ప్యానెల్ బ్యాటరీలాంటిది కాదు. ఎండను బట్టి ఇంతకు మించి ఇవ్వలేదన్న హద్దు దానికి ఉంది. వెనక అతికించిన కాగితం మీద షార్ట్ సర్క్యూట్ కరెంటు అని రాసేది ఆ హద్దే. 330 వాట్ల ప్యానెల్‌కు సుమారు 9 ఆంపియర్లు. 540 వాట్లదైతే 13 దాటుతుంది, అది 10 ఆంపియర్ల మీటరుకు పనికిరాదు. విడిగా ఉన్న ఒక్క ప్యానెల్‌ను గుడ్డతో కప్పి, మీటరు కలిపి, గుడ్డ తీసి చదివి, మళ్లీ కప్పి మీటరు విప్పండి. పైకప్పు మీద వరుసగా కలిపిన ప్యానెళ్ల జోలికి మాత్రం ఈ పద్ధతితో వెళ్లవద్దు. అక్కడ వందల వోల్టుల డీసీ ఉంటుంది. కరెంటు పోతుండగా కనెక్టరు లాగితే పుట్టే ఆర్క్ (గాలిలో మండే మెరుపు) ఏసీలో లాగా తనంతట ఆరదు. ఆ లైన్లలో డీసీ క్లాంప్ ఒక్కటే వాడండి, కనెక్టరు విప్పాల్సి వస్తే ముందు ఇన్వర్టర్‌ను, డీసీ ఐసొలేటర్‌ను (ప్యానెళ్ల లైనును తెంచే స్విచ్చిని) ఆపి, క్లాంప్ సున్నా చూపాకే విప్పండి.